చీపురుపల్లి ఫిల్టరు బార్మేర్‌లో పనిచేస్తుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారివే. అయితే వాటిలో సగానికి పైగా అడిగింది నాగావళి నీటి గురించీ కాదు, వంశధార నీటి గురించీ కాదు. సైన్యంలో ఉద్యోగరీత్యా రాజస్థాన్ ఎడారిలో కాపురం పెట్టినవారు, కొడుకును కువైట్‌కు పంపి ఇక్కడ దిగులు పడుతున్నవారు, అక్కడి ఇసుక నేలల్లో దొరికే నీటిని ఇంట్లో ఎలా శుభ్రం చేసుకోవాలని అడిగారు. ఇంటి దగ్గర ఉన్నవారి ప్రశ్నలు కొన్నింటిని కూడా వాటితో కలిపి చదివితే మేలని తోచి, అన్నింటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా వారు సైన్యంలో ఉన్నారు. ఆరు నెలల కిందట బార్మేర్ ఊరి బయట అద్దె ఇంటికి వచ్చాము. ఇక్కడ మాకు బోరు నీరే గతి. కన్నవారింటి నుంచి తెచ్చుకున్న యూవీ ఫిల్టరు బిగించుకున్నా టీ ఉప్పగానే ఉంటోంది, కందిపప్పు ఎంతసేపటికీ ఉడకడం లేదు. పరీక్ష చేయిస్తే లీటరుకు మిల్లీగ్రాముల్లో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 2400, ఫ్లోరైడ్ 2.8, నైట్రేట్ 60, కాఠిన్యం 640 అని కాగితం ఇచ్చారు. ఈ నీటిని కాచి, చల్లార్చి, ఆ ఫిల్టరులో పోసుకుంటే సరిపోతుందా? మాకు నాలుగేళ్ల పాప ఉంది.

జవాబు: సరిపోదమ్మా. మీ ఫిల్టరు చెడిపోలేదు. దాని పని అది చేస్తూనే ఉంది. అయితే ఆ పని మీకు ఇప్పుడు కావలసిన పని కాదు. యూవీ దీపం నుంచి వచ్చే కంటికి కనిపించని కాంతి నీటిలోని సూక్ష్మజీవుల జన్యు పదార్థాన్ని దెబ్బతీసి, అవి మళ్లీ పెరగకుండా చేస్తుంది. ఉప్పుకు ప్రాణం లేదు కనుక దీపం దాన్ని ఏమీ చేయలేదు. దీపం కింద నుంచి 2400 టీడీఎస్ నీరు వెళితే 2400 టీడీఎస్ నీరే బయటికి వస్తుంది. ఇక కాచడం ఇంకా నష్టం. పది లీటర్లు కాచి ఎనిమిది లీటర్లకు తెచ్చారనుకోండి, ఆవిరైపోయింది నీరే తప్ప ఫ్లోరైడ్ కాదు కాబట్టి, 2.8 ఉన్నది 3.5 అవుతుంది.

మీరు పంపిన కాగితం చాలా విలువైనది. మెషీన్ కొన్న తరువాత నీటిని పరీక్ష చేయించేవారినే ఎక్కువగా చూశాను. మీరు ముందే చేయించారు. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. దాని 2012 నాటి కూర్పు ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 2000 దాకా ఓర్చుకోవచ్చు. ఫ్లోరైడ్‌కు ఆ రెండు అంకెలు 1.0, 1.5. కాఠిన్యానికి 200, 600. నైట్రేట్‌కు మాత్రం 45 అన్న ఒకే హద్దు ఉంది, దానికి సడలింపు లేదు. మీ నీరు నాలుగింటిలోనూ పై హద్దును దాటిపోయింది.

ఆ నాలుగింటినీ ఒకే కంటితో చూడనక్కరలేదు. పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, గీజరు లోపల తెల్లటి పెచ్చు కట్టడం కాఠిన్యం వల్ల వచ్చే చికాకులే తప్ప, ఆరోగ్యానికి పెద్ద చేటు కాదు. ఉప్పదనం రుచిని పాడు చేస్తుంది. నైట్రేట్ ముఖ్యంగా డబ్బా పాలు తాగే పసికందులకు ప్రమాదం, కనుక చుట్టుపక్కల ఇళ్లలో అలాంటి బిడ్డ ఉంటే ఈ నీటితో పాలు కలపవద్దని చెప్పండి. మీ ఇంట్లో అన్నింటికంటే ముందు చూడవలసింది ఫ్లోరైడ్. నాలుగేళ్ల పాపకు శాశ్వత దంతాలు చిగురు లోపల ఇప్పుడే తయారవుతున్నాయి; ఈ వయసులో తాగిన ఫ్లోరైడ్ ఆ పళ్లమీద మచ్చలుగా మిగిలిపోతుంది, ఆ తరువాత ఎంత తోమినా అవి పోవు. ఇది మన తెలుగువారికి కొత్త సంగతి కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ వ్యాధిని వైద్యులు మొదట రికార్డు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. నల్లగొండ సంగతి చెప్పనక్కరలేదు.

కాబట్టి మీకు ఆర్‌ఓ, అంటే రివర్స్ ఆస్మాసిస్ మెషీన్, తప్పదు. దాని సూత్రం ఆవకాయ పెట్టే ఇంట్లో అందరికీ తెలిసినదే. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి నీరు ఊరుతుంది. ముక్కలోని నీరు తనంత తానే ఉప్పు ఎక్కువ ఉన్న వైపుకు వచ్చింది. ఆర్‌ఓలో దాన్ని తిరగేస్తారు. ఉప్పు ఉన్న వైపు నుంచి పంపుతో ఒత్తిడి పెట్టి, నీటిని మాత్రమే పొర గుండా అవతలికి తోస్తారు, ఉప్పు ఇవతలే ఉండిపోతుంది. దీనికి పనికొచ్చే పొరను 1960 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారు చేసిన ఇద్దరిలో ఒకరు శ్రీనివాస సౌరిరాజన్ అనే భారతీయుడు, రెండవవారు సిడ్నీ లోబ్. ఆ పొరతో 1965లో మొదట నీళ్లు అందుకున్న ఊరు కాలిఫోర్నియాలోని కోలింగా. అక్కడి భూగర్భ జలం కూడా మీ బోరు నీటిలాగే ఉప్పన.

కొనేటప్పుడు ఒక అంకె చూసుకోవాలి. నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ దాన్ని తోయడానికి ఒత్తిడి కూడా పెరగాలి; ఇళ్లలో పెట్టుకునే సాధారణ ఆర్‌ఓలు చాలావరకు 2000 టీడీఎస్ దాకానే పనికొస్తాయని పెట్టె మీదే రాసి ఉంటుంది. మీది 2400, పైగా వేసవిలో బోరు మట్టం దిగితే ఇంకా పెరిగే అవకాశం ఉంది. విజయనగరం వైపు వాడే మోడలే మీరూ కొంటే అక్కడ పొర ఏడాది తిరక్కుండానే మూసుకుపోవచ్చు. మీ అంకెకు పైన రాసి ఉన్నదే అడిగి తీసుకోండి.

లెక్క ఒకటి వేసి చూపిస్తాను. పొర నూటికి తొంభై పాళ్లు ఉప్పును ఆపుతుందనీ, నాలుగు లీటర్లు పోస్తే ఒక లీటరు మంచినీరు, మూడు లీటర్లు వదులు నీరు వస్తాయనీ అనుకుందాం. అప్పుడు మంచినీటిలో టీడీఎస్ 240, ఫ్లోరైడ్ 0.28 ఉంటాయి. వదులు నీటిలో టీడీఎస్ 3120కి, ఫ్లోరైడ్ 3.6కి చేరుతాయి. తాగడానికీ వంటకూ రోజుకు ఇరవై లీటర్లు కావాలంటే అరవై లీటర్లు వదలాలి. ఎడారిలో ఇది చిన్న మాట కాదు. ఆ నీటిని ఒక డ్రమ్ములో పట్టి మరుగుదొడ్డికీ, నేల కడగడానికీ వాడండి; తులసి కోటలో పోయకండి, ఆవుకు పెట్టకండి. స్నానానికీ బట్టలకూ బోరు నీరే చాలు. అలాగని వంటకు మాత్రం బోరు నీరు వాడవద్దు, ఎందుకంటే ఎసట్లో పోసిన నీరు అన్నంలోకి, పప్పులోకి ఇంకిపోతుంది, దానితోపాటు ఫ్లోరైడూ లోపలికి వెళుతుంది. తాగే నీరు మార్చి వండే నీరు మార్చనివారు సగం పనే చేసినట్టు.

ఇక మెకానిక్కు బిగించేటప్పుడు దగ్గర ఉండి చూడవలసిన చోటు ఒకటుంది. చాలా మెషీన్లలో రుచి కోసం కొంచెం పచ్చి నీటిని శుద్ధమైన నీటిలో కలిపే చిన్న మర ఉంటుంది, దాన్ని టీడీఎస్ అడ్జస్టర్ అంటారు. కొందరు 'నీరు మరీ చప్పగా ఉంది' అని దాన్ని తిప్పేస్తారు. మీ ఇంట్లో మూడింట ఒక పాలు పచ్చి నీరు కలిసిందంటే ఫ్లోరైడ్ మళ్లీ 1.1 దాటుతుంది, టీడీఎస్ 960 అవుతుంది. డబ్బు పెట్టి తీసినదాన్ని మళ్లీ మనమే పోసుకున్నట్టు. ఆ మరను పూర్తిగా మూయించండి. 240 ఉన్న నీరు చప్పగా ఉండదు, మన ఊరి నుయ్యి నీళ్లలాగే ఉంటుంది.

ఎడారికి మాత్రమే చెందిన రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఆర్‌ఓ పొర 45 డిగ్రీలకు మించిన వేడి నీటిని ఓర్చుకోదు, అంతకు లోపే అయినా నీరు వేడెక్కేకొద్దీ ఉప్పు ఎక్కువగా జారిపోతుంది. మే నెల మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకులో నీరు ఎలా ఉంటుందో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. తెల్లవారుజామున నీరు చల్లగా ఉన్నప్పుడే మెషీన్ నడిపి, ఆ రోజుకు సరిపడా పట్టి పెట్టుకోండి. రెండవది దుమ్ము. గాలి దుమారాలు లేచే కాలంలో ముందుండే తెల్లటి దూది గొట్టం, అంటే స్పన్ ఫిల్టరు, మన వైపు ఆరు నెలలు వచ్చేది ఆరు వారాలకే ఎర్రబారవచ్చు. అది చవకైనది, దాన్ని మార్చడానికి లోభించకండి. పొరను ఎప్పుడు మార్చాలో మాత్రం క్యాలెండరు చూసి కాదు, టీడీఎస్ మీటరు చూసి తేల్చుకోవాలి. మంచినీటి టీడీఎస్ రాసి పెట్టుకుంటూ, అది మొదటి అంకెకు రెట్టింపు దాకా పోతుంటే అప్పుడు కొత్త పొర వేయించండి. బిగించిన నెలకు ఒకసారి, మంచినీటిలో ఫ్లోరైడ్, నైట్రేట్ ఎంత మిగిలాయో ప్రయోగశాలలో చూపించండి. ఆ రెండింటినీ మీటరు విడిగా చెప్పలేదు, పైగా నైట్రేట్ మిగతావాటికన్నా సులువుగా పొర దాటే రకం.

మీరు అడగకపోయినా అక్కడి దుకాణంలో సాఫ్ట్‌నర్ కొనమంటారు. అది నీటిలోని కాల్షియం, మెగ్నీషియం తీసుకొని బదులుగా సోడియం ఇస్తుంది. పప్పు ఉడుకుతుంది, గీజరు బతుకుతుంది, కానీ టీడీఎస్ తగ్గదు, ఫ్లోరైడ్ పోదు. తాగే నీటికి అది జవాబు కాదు. మీ పాత యూవీ ఫిల్టరును అమ్మేయకండి, దాని ఉపయోగం కింది ఉత్తరంలో వస్తుంది.

ప్రశ్న: నాది ఆమదాలవలస. జైసల్మేర్ జిల్లాలో ఉద్యోగం. ఇక్కడి పల్లెవారు వాన నీటిని నేలలోపల గుండ్రటి తొట్టెలో దాచి ఏడాది పొడుగునా తాగుతారు. మా మిత్రుడొకడు ఆ నీరు తాగవద్దంటాడు, ఊరివారేమో బోరు నీటికన్నా అదే అమృతమంటారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మీరు చూసినది టాంకా. చుట్టూ నేలను చదునుగా, వాలుగా చేసి, పడిన వాన చుక్కను తొట్టెలోకి మళ్లిస్తారు. థార్ ఎడారిలో తరతరాలుగా ఉన్న పద్ధతి ఇది. వాన నీటిలో ఉప్పు లేదు, ఫ్లోరైడ్ లేదు. ఆ విధంగా ఊరివారి మాట సత్యం. అయితే ఆ నేల మీద మేకలు తిరుగుతాయి, పిట్టలు వాలుతాయి, మొదటి వానకు ఆ మురికంతా లోపలికి దిగుతుంది. సూక్ష్మజీవుల విషయంలో మీ మిత్రుడి భయం కూడా సత్యమే. అంటే బార్మేర్ బోరు నీటికి ఏది పనికిరాలేదో, ఈ నీటికి అదే కావాలి. బట్టతో వడగట్టి, యూవీ కింద పోనిచ్చినా, కరెంటు లేనిచోట గలగల మరిగించినా చాలు. ఇక్కడ ఆర్‌ఓ పెట్టడం దండగ. యూవీ పెట్టేముందు నీరు తేటగా ఉండాలి సుమా, మట్టి రేణువు చాటున దాగిన క్రిమికి ఆ కాంతి తగలదు.

టాంకా మొత్తానికి బ్లీచింగ్ పౌడరు వేయాలంటే వెయ్యి లీటర్లకు మంచి పౌడరు రెండున్నర గ్రాములు ఒక బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేటను మాత్రమే పోసి, కనీసం గంటసేపు ఆగాలి. అక్కడి ఎండకు ఆ పౌడరు బలం త్వరగా పోతుంది. మూత సరిగా లేని సంచిలో వేసవి అంతా పడి ఉన్న పౌడరు వేస్తే సున్నం వేసినట్టే. మొదటి వానను తొట్టెలోకి పోనివ్వకుండా పక్కకు వదిలేయడం అన్నింటికన్నా చవకైన శుద్ధి.

ఊరివారి తెలివిని మెచ్చుకోవడానికి ఒక లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నలభై చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 200 మిల్లీమీటర్లే కురిసి, అందులో ఐదింట ఒక వంతు వృథా అయినా 6400 లీటర్లు నిలుస్తాయి. తాగడానికీ వంటకూ రోజుకు పదిహేను లీటర్ల చొప్పున అది ఏడాదికి మించి వస్తుంది. మన శ్రీకాకుళం జిల్లాలో ఏటా 1000 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. ఆ నీరంతా మనం డాబా గొట్టం గుండా వీధిలోకి వదిలి, మర్నాడు క్యాను కొంటాము.

మీ వైపు కొన్ని చోట్ల ఇందిరా గాంధీ కాలువ నీరు కూడా అందుతుంది. అది పంజాబ్‌లోని హరికే వద్ద నుంచి వచ్చే సట్లెజ్, బియాస్ నదుల నీరు. ఉప్పు తక్కువ, బురద ఎక్కువ. పటికతో తేర్చి, ఆ తరువాత పైన చెప్పినట్టే చేయండి.

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం. మా అబ్బాయి కువైట్‌లో నలుగురితో కలిసి గదిలో ఉంటున్నాడు. అక్కడ సముద్రపు నీటినే మార్చి కుళాయిలో ఇస్తారట. అది తాగితే ఒంటికి మంచిదేనా? ఇక్కడి నుంచి ఒక ఆర్‌ఓ మెషీన్ పంపమంటారా?

జవాబు: పంపవద్దు. మీ అబ్బాయి గదిలోకి వచ్చే నీటిలోంచి ఉప్పును ఊరి బయటే, పెద్ద ఎత్తున తీసేశారు. కువైట్‌లో నదులు లేవు. ఒకప్పుడు ఆ ఊరికి తాగునీరు ఇరాక్ వైపు షత్తల్ అరబ్ నది నుంచి తెరచాప పడవల మీద వచ్చేది. 1950ల మొదట్లో సముద్రపు నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి మంచినీరు చేసే కర్మాగారం వచ్చాక ఆ పడవల పని తీరిపోయింది. అలా ఆవిరి నుంచి వచ్చిన నీరు మరీ చప్పగా ఉంటుంది, గొట్టాలను కూడా తినేస్తుంది. అందుకని దానిలో కొద్దిగా ఉప్పుటి భూగర్భ జలాన్ని కొలిచి కలిపి, క్లోరిన్ చేర్చి పంపుతారు. దానికి మళ్లీ గదిలో ఆర్‌ఓ పెట్టడం పొట్టు తీసిన పప్పును మళ్లీ చెరిగినట్టు. నీరు, కరెంటు రెండూ వృథా.

అక్కడ అసలు చూడవలసింది మేడ మీది ట్యాంకు. కర్మాగారం నుంచి మంచి నీరే బయలుదేరినా, అది ఆ ట్యాంకులో ఎండకు వేడెక్కుతుంది, క్లోరిన్ ఎగిరిపోతుంది, మూత సందులోంచి దుమ్ము పడుతుంది. మధ్య వేసవిలో చన్నీళ్ల కుళాయి తిప్పితే మరిగినంత నీరు వస్తుందని గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన ఎవరిని అడిగినా చెబుతారు. గీజరు కట్టేసి, గది నీడలో చల్లబడిన ఆ గీజరు నీటినే స్నానానికి వాడుకునేవారు కూడా ఉన్నారు. స్నానం సరే, గీజరులో నిలిచిన నీటిని తాగడానికి పట్టవద్దని అబ్బాయికి చెప్పండి. ట్యాంకును ఆరు నెలలకు ఒకసారైనా కడుగుతున్నారా, మూత బిగుతుగా ఉందా అని గది యజమానిని అడగమనండి. పొద్దున్నే మొదట వచ్చే నీటిని రెండు నిమిషాలు బకెట్టులోకి వదిలి, తరువాత తాగడానికి పట్టుకోమనండి. వాసన నచ్చకపోతే కుళాయికి బిగించే చిన్న బొగ్గు ఫిల్టరు చాలు. గడువు దాటాక దాన్ని పారేయాలి, లేకపోతే ఆ బొగ్గే క్రిములకు పొదరిల్లు అవుతుంది. క్యాను నీళ్లు కొంటున్నట్టయితే వాటిని బాల్కనీ ఎండలో ఉంచవద్దు, క్యాను బోర్లించే డిస్పెన్సరును నెలకు ఒకసారైనా కడగాలి. నలుగురున్న గదిలో ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోకపోతే ఎవరూ చేయరు.

ప్రశ్న: విజయనగరంలో ఉంటాము. మా ఇంటికి వచ్చే చంపావతి నది కుళాయి నీటిలో ఒక సేల్స్ కుర్రాడు కరెంటు కడ్డీలు పెట్టగానే నీరు ముదురు గోధుమ రంగుకు తిరిగి, తెట్టు కట్టింది. తన మెషీన్ నీటిలో పెడితే ఏమీ కాలేదు. ఆ మురికిని ఇన్నాళ్లూ తాగామా అని మా అమ్మగారు అన్నం మానేశారు. బార్మేర్‌లో ఉన్న మా ఆడపడుచు కూడా ఆర్‌ఓ కొంటోంది, మేమూ కొనాలా?

జవాబు: ముందు అమ్మగారికి అన్నం పెట్టండి. ఆ తెట్టు మీ నీటిలోది కాదు, ఆ కడ్డీలది. కడ్డీల్లో ఒకటి ఇనుము. నీటిలో సహజంగా ఉండే లవణాల వల్ల కరెంటు ప్రవహించి, ఇనుము కరిగి, తుప్పుగా మారి తేలుతుంది. ఆర్‌ఓ నీటిలో లవణాలు బాగా తక్కువ, అందువల్ల కరెంటు దాదాపు పారదు, కడ్డీ కరగదు, రంగు రాదు. ఆ కుర్రాడు మళ్లీ వస్తే అతని మెషీన్ నీటిలోనే చిటికెడు ఉప్పు వేసి, అవే కడ్డీలు పెట్టమని అడగండి. అదీ గోధుమ రంగుకే తిరుగుతుంది.

మీ ఆడపడుచు కొంటున్నది ఆమె నీటి కోసం. నది ఇసుకలోంచి ఊరిన నీటిలో సాధారణంగా ఉప్పు సమస్య ఉండదు. మీ కుళాయి నీటి టీడీఎస్ ఎంతో ఒకసారి కొలిపించండి. అది 500 లోపు ఉంటే ఆర్‌ఓ అవసరం లేదు. అలాంటి చోట్ల ఇళ్లలో ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. మీకు ఉండగలిగే చిక్కు వేరు. కాలువ పక్కన పగిలిన గొట్టం, మోటారు పెట్టి లాగితే అందులోకి చేరే మురుగు, వానాకాలంలో వచ్చే మట్టి. వీటికి వడపోతా, యూవీ లేదా కాచడమూ సరిపోతాయి. టీడీఎస్ మీటరు సూక్ష్మజీవుల గురించి ఒక్క మాట కూడా చెప్పదని గుర్తుంచుకోండి. మురుగు కలిసిన నీటిలోనూ అది 200 చూపించి ఊరుకోగలదు. దానికి హెచ్‌టూఎస్ సీసా పరీక్ష ఉంది. నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీరైనప్పుడు నల్లబడుతుంది.

ప్రశ్న: మాది కవిటి మండలం. మా కొబ్బరి తోటల వైపు కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలుసు. వీధిలోకి కొత్త పథకం కుళాయి వచ్చింది, కానీ క్లోరిన్ వాసన వస్తోందని మా ఇంట్లో క్యాను నీళ్లే తాగుతున్నాము. ఇంట్లో ఆర్‌ఓ పెట్టుకుంటే కిడ్నీలకు భయం ఉండదా?

జవాబు: ఆ హామీ మీకు ఎవరైనా ఇస్తే నమ్మవద్దు. మీ ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని ఇంతవరకు పరిశోధకులు తేల్చలేదు. నీటిలోని పదార్థాలను, ఎండలో గంటల తరబడి పనిచేస్తూ నీరు తక్కువ తాగడాన్ని, మరికొన్నింటిని అనుమానించి చూస్తూనే ఉన్నారు. కారణమే తేలని జబ్బుకు మెషీన్‌ను మందుగా అమ్మడం అన్యాయం, 'ఆల్కలైన్ నీరు' అని ఎక్కువ ధర చెప్పేవారిది ఇంకా అన్యాయం.

మీ కుళాయిలోది ఉద్దానం భూగర్భ జలం కాదు. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో తెస్తున్న వంశధార నీరు. ఆ పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. నది నీటిని వడగట్టి క్లోరిన్ కలిపి పంపుతారు కాబట్టి, కుళాయి చివర కొంచెం వాసన రావడం తప్పు కాదు, అక్కడిదాకా రక్షణ నిలిచిందని గుర్తు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలనే ప్రమాణం కూడా అదే చెబుతుంది. మూత లేని బిందెలో అరగంట ఉంచితే వాసన చాలావరకు పోతుంది, తరువాత మూత పెట్టండి. క్యానులో క్లోరిన్ ఉండదు, తెరిచి నాలుగు రోజులు వాడితే దానిలో పడిన క్రిమిని ఆపేది ఏదీ లేదు. పాత బోరు నీటినే ఇంకా తాగుతున్న ఇల్లయితే మాత్రం గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని బట్టి నిర్ణయించండి. ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉంటే, రోజుకు ఎంత నీరు తాగాలన్నది వారి వైద్యుడు చెప్పాలి, నేను కాదు. పనిలో ఉన్న ఆరోగ్యవంతులు మాత్రం తోటకు వెళ్లేటప్పుడు నీళ్ల సీసా మరిచిపోకూడదు.

ప్రశ్న: జోధ్‌పూర్‌లో మట్టి కుండలో నీరు గొంతు జిల్లుమనేంత చల్లబడుతుంది. సెలవుకు కళింగపట్నం వచ్చినప్పుడు అదే రకం కుండ కొన్నా అంత చల్లగా ఉండదు. మన మట్టిలో లోపమా?

జవాబు: లోపం మట్టిలో లేదు, గాలిలో ఉంది. కుండ సన్నని రంధ్రాల గుండా నీరు పైకి చెమ్మగా వచ్చి ఆవిరైపోతూ, లోపలి వేడిని తనతో తీసుకుపోతుంది. జోధ్‌పూర్ పొడి గాలి ఆ చెమ్మను ఆబగా పీల్చుకుంటుంది. మన సముద్ర తీరపు గాలి ముందే తడిసి ముద్దయి ఉంటుంది కనుక తీసుకోదు. కుండను గాలి తగిలే గుమ్మం దగ్గర, ఇసుక మీద పెట్టి చూడండి, కాస్త తేడా వస్తుంది. కుండ చల్లబరుస్తుందే తప్ప శుద్ధి చేయదు, కాబట్టి శుద్ధి అయిన నీటినే అందులో పోయండి. రంధ్రాలు మూసుకుపోకుండా వారానికోసారి సబ్బు లేకుండా కొబ్బరి పీచుతో రుద్ది ఎండబెట్టండి. నీరు తీయడానికి చేయి ముంచే చెంబు కాక, పొడుగు కాడ ఉన్న గరిటె వాడండి.